షేర్డ్ ఫోల్డరు పద్యం: టీకా తాత్పర్యం

తే. బ్రౌజరందున నున్నది బయలె సుమ్ము
గుట్టు సర్వరులో నుంచు కోవిదుండు
రెంటి నడుమను షేర్డను రేవు గలదు
మరల చూడక లోనికి మార్గ మీకు

ప్రతిపదార్థం: బ్రౌజరందునన్ = వాడేవారి బ్రౌజరులో; ఉన్నది = చేరిన కోడు యావత్తు; బయలె సుమ్ము = ఎఫ్12 నొక్కిన ప్రతివారికీ కనబడేదే సుమా (మినిఫై చేసినా అంతే); గుట్టు = డేటాబేసు పాస్‌వర్డు, పేమెంట్ గేట్‌వే రహస్య కీ మొదలైనవి; సర్వరులోన్ ఉంచు = సర్వరు దాటనివ్వడు; కోవిదుండు = ఒకసారి దెబ్బతిన్న సీనియరు; రెంటి నడుమను = క్లయింట్, సర్వర్ ఫోల్డర్ల మధ్య; షేర్డను రేవు = ఇరువైపులా నడిచే కోడుండే చోటు; కలదు = ఉన్నది; మరల చూడక = సర్వరులో మళ్లీ పరీక్షించక; లోనికి = డేటాబేసులోకి; మార్గము = దారి; ఈకు = ఇవ్వకుము.

తాత్పర్యం: ఏ ఫైలు ఎక్కడుండాలన్నది పొందికకు సంబంధించిన ప్రశ్న కాదు, ఎవరిని నమ్మాలన్న ప్రశ్న.

పూర్వపక్షం: ఫారంలోనే అన్నీ సరిచూశాక సర్వరులో మళ్లీ చూడటం పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. ఫోన్ నంబరులో తొమ్మిదంకెలే వేసినవారికి అక్కడికక్కడే చెప్పడం బ్రౌజరు మర్యాద. తీర్పు మాత్రం సర్వరుదే. కర్ల్‌తో రిక్వెస్టు పంపేవాడు మన ఫారం మొహమే చూడడు; ధర గడిలో ఒక రూపాయి వేసి పంపగలడు. కనుక క్లయింటు పంపవలసింది వస్తువు ఐడీ, ఎన్ని కావాలన్నది మాత్రమే. ధరను సర్వరు తన డేటాబేసులోనే చూసుకోవాలి.

విశేషాలు: 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరులో జావాస్క్రిప్ట్ పుట్టింది. ఆపైన చాలాకాలం చాలాచోట్ల సర్వరులో పీహెచ్‌పీయో జావాయో నడిచేది, భాషే సరిహద్దు. 2009లో ర్యాన్ డాల్ నోడ్ తెచ్చాక రెండువైపులా ఒకే భాషయింది. సరిహద్దును కాపాడే పని ఫోల్డర్లకు పడింది. అయితే బండ్లరు ఫోల్డరు పేరు చూసి ఆగదు, ఇంపోర్టుల వెంట పోతుంది. తేదీల ఫార్మాటు, ఫారం నియమాలు, టైపులు షేర్డ్‌లో ఉండదగినవి. అక్కడి ఒక్క ఫైలు సర్వరు కోడును ఇంపోర్టు చేసుకుంటే, గుట్టు కూడా దాని వెంటే బ్రౌజరు చేరవచ్చు. అందుకే స్వెల్ట్‌కిట్ సర్వరు ఫోల్డరును క్లయింటు కోడు ఇంపోర్టు చేస్తే బిల్డునే ఆపేస్తుంది. నెక్స్ట్ జేఎస్‌లో 'నెక్స్ట్ పబ్లిక్' అని మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ బ్రౌజరు కోడులోనే అచ్చవుతుంది. పని జరగడం లేదని రహస్య కీకి ఆ పేరు తగిలించేవారు, పని జరిగాక సంతోషించరాదు.

పాఠాంతరం: 'షేర్డను' బదులు 'యూటిల్సను' అని కొన్ని ప్రతుల్లో ఉంది. గణభంగం వల్ల గ్రాహ్యం కాదు. ఆ ఫోల్డరులో ఏముందో ఏ టీమూ చెప్పలేకపోవడం రెండో కారణం.

ఫలశ్రుతి: పుల్ రిక్వెస్టుకు ముందు దీన్ని పఠించినవారి శనివారాలు పదిలం. పఠించక కీని గిట్‌లోకి పుష్ చేసినవారు ఆ ఫైలును చెరిపేసినా చరిత్రలో అది ఉండనే ఉంటుంది. ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవడమే ప్రాయశ్చిత్తం.