జీవవైవిధ్య కూడలి

2012 అక్టోబరులో హైదరాబాదు మాదాపూరులోని అంతర్జాతీయ సమావేశ మందిరమున ప్రపంచ దేశముల ప్రతినిధులు జీవవైవిధ్య ఒడంబడిక 11వ సదస్సునకై చేరి, విత్తనమును కాపాడిన రైతునకు లాభమున న్యాయమైన పాలు దక్కవలెనని గంభీరముగా ఉపన్యసించి వెడలిన పిదప, మన నగరమునకు మిగిలినవి గచ్చిబౌలిలో ఒక పార్కు, దాని పేరిట ఒక కూడలి. బయోడైవర్సిటీ జంక్షన్! సాయంకాలమున ఆటో, క్యాబు, ఆఫీసు బస్సు, డెలివరీ బండి మొదలగు సకల జాతులును అంతరించు భయమేమియు లేక అచ్చట వర్ధిల్లుచుండుట చూచినవారికి ఆ నామము సార్థకమేయని తోచును.

జహీరాబాదు మెట్టచేలలో దళిత స్త్రీలు బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచుకొని కాపాడిన కొర్రలు, సామలవంటి ధాన్యములు నేడు ఆ కూడలి చుట్టుపట్ల అద్దాల అంగళ్ళలో ‘సూపర్ ఫుడ్’ బిరుదము ధరించి, బిరుదమునకు తగిన ధర పలుకుచున్నవి. అందు విత్తనము దాచిన చేతికి ముట్టినదెంతయో పొట్లముమీద అచ్చు వేయు ఆచారము మాత్రము లేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టమున ఇట్టి జీవసంపదను అనుమతిలేక వాడుకొనిన దోషికి అయిదేండ్ల వరకు కారాగారముండగా, 2023 సవరణ దానిని తొలగించి జరిమానాతో సరిపుచ్చినది. అపహర్తకు ఇంతకుమించిన మర్యాద వేరొకటి కలదా? అదే చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థకును ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. పాఠకమహాశయా, మీ ఊరి కమిటీ సభ్యులెవరో ఒకపరి విచారించి చూడుడు.