వడ్ల మీద టర్బో

కంపెనీ ఇచ్చిన 150 గుర్రాల బలం కరీంనగర్ కుర్రకారుకు ఆనడం లేదు. టర్బో సెడాన్ షోరూం గడప దాటిందో లేదో, ఇంజిన్ కంప్యూటర్‌ను (ఈసీయూ) రీమ్యాప్ చేయించి ఇంకో పాతిక ముప్పై గుర్రాలు కట్టాల్సిందే. స్ప్రింగులు మార్చి కారును నేలకు దించాలి. వెనక రెక్క తొడగాలి. ఆ రెక్కకు పని తగలాలంటే వేగం వందైనా దాటాలి. గీతాభవన్ చౌరస్తాలో ఇరవై దాటితే గొప్ప!

ఊరు దాటితే ముందు గ్రానైట్ లారీ, పక్కన సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కితే మలుపు మలుపుకూ బ్రేకే. ఇక ఊరూరా ఉన్న స్పీడ్ బ్రేకర్ల దగ్గర దోస్తులంతా దిగి నడిస్తే తప్ప కారు పొట్ట గీసుకోకుండా దాటదు. 180 గుర్రాలకు తోడు ఎనిమిది కాళ్లు!

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులు వద్దంటోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, కాదంటే రెండూ. సైలెన్సర్ చప్పుడులో ఇవేవీ వినపడవు.

నాయన మాత్రం ఒక్కటే అడుగుతున్నాడు: "గిన్ని పైసలు పెట్టినవ్, మైలేజీ ఎంతస్తుందిరా?"