దొంగను కుదుర్చుకునే పెద్దలకు

హాల్లో గోడ బోసిగా ఉంది, అక్కడ మ్యూజియంలోని బొమ్మే ఉండాలని మీకు మనసైంది. ఇక ఆలస్యమెందుకు? దొంగను పురమాయించండి. 2010లో పారిస్‌లో ఒక పురాతన వస్తువుల వ్యాపారి చేసిందదే. నగర ఆధునిక కళా మ్యూజియంలో ఫెర్నాండ్ లెజే గీసిన చిత్రం ఒకటి కావాలని వ్యేరాన్ తోమిచ్‌కి చెప్పాడు.

మనిషిని ఎంచుకునేటప్పుడు బాగా పేరుపడ్డవాణ్ణే చూడండి. తోమిచ్‌ని అందరూ స్పైడర్‌మ్యాన్ అంటారు, గోడలెక్కి పై అంతస్తుల్లోకి దూరతాడు కాబట్టి. అంత పేరుంటే రేపు పోలీసులకూ వెతుకులాట తగ్గుతుంది.

బేరం దగ్గర మొహమాటం వద్దు. కోట్లు చేసే బొమ్మైనా సరే, 40,000 యూరోలు చేతిలో పెట్టి పంపెయ్యండి. కిటికీ దగ్గర రాత్రుళ్లు పడిగాపులు పడేది అతనేగా, మీరు కాదు.

చెప్పింది ఒక్కటే తెమ్మని మాత్రం కట్టడి చేయకండి. మే 20 తెల్లవారుజామున తోమిచ్ లెజే బొమ్మ దించుకుని అలారం కోసం చూశాడు. మోగలేదు. అది వారాల తరబడి పాడై ఉంది. కాపలాకు ముగ్గురున్నారు, ముగ్గురికీ ఏమీ కనబడలేదు. ఇంకేం, తాపీగా గదులన్నీ తిరిగి పికాసో, మతీస్, బ్రాక్, మొదిగ్లియానీ బొమ్మలు కూడా పట్టుకొచ్చాడు, కూరల సంతలో కొసరు వేయించుకున్నట్టు. ఐదూ కలిపి పది కోట్ల యూరోల పైమాటే.

అసలు వైభోగం సరుకు ఇల్లు చేరాక మొదలవుతుంది. పేపర్లన్నిట్లో మీ బొమ్మల ఫొటోలే. పైసా ఖర్చు లేని ప్రచారం! వేలానికి పంపలేరు, బ్యాంకులో తాకట్టు పెట్టలేరు, పండక్కొచ్చిన బావమరిదికి చూపించి మురిసిపోనూ లేరు. అంతమాత్రానికే దిగులెందుకు, నమ్మకమైన స్నేహితుడికి అప్పగించండి. మన వ్యాపారి ఒక గడియారాల పనివాడికి అప్పగించాడు. భయమేస్తే ఏం చేస్తావని ముందుగా అడగడం మర్యాద కాదు. బొమ్మలన్నీ చెత్తబుట్టలో పారేశానని ఆయన కోర్టులో ఏడుస్తూ చెప్పాడు. అక్కడ నమ్మినవాళ్లు లేరు. నేనూ నమ్మను, గడియారాలు బాగుచేసే చేతులు అంత తొందరపడవని నా అనుమానం. ఏమైతేనేం, బొమ్మలైతే దొరకలేదు.

చివరిగా లెక్కాడొక్కా. 2017లో కోర్టు తోమిచ్‌కి 8 ఏళ్లు, వ్యాపారికి 7, గడియారాలాయనకి 6 ఏళ్ల జైలు వేసింది. ముగ్గురూ కలిసి పారిస్ నగరానికి 10.4 కోట్ల యూరోలు కట్టమంది. అందుకే ఎవరి వాటా ఎంతో ముందే స్టాంపు పేపరు మీద రాసుకోండి. సాక్షి సంతకాలు మరిచిపోకండి.