బొటనవేలి జమీందార్లు

మా రోజుల్లో ఈ జబ్బు రావాలంటే కనీసం యాభై ఎకరాల మాగాణి ఉండాలి. రోజూ మాంసం తినే స్తోమతు ఉన్నవాడికి, సాయంత్రమయ్యేసరికి సీసా మూత తీసేవాడికి, వాకిలి దిగి నడవాల్సిన పని లేనివాడికి వచ్చేదది. అర్ధరాత్రి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేవాడు. ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని రాజుల రోగమనే అన్నారు. తెనాలి పక్కన మా ఊళ్లో దానికి ప్రత్యేకంగా పేరేమీ లేదు. 'పెద్దాయనకు కాల్లోకి వాతం దిగింది' అనుకునేవాళ్లం, అంతే.

ఇప్పుడు మా అబ్బాయి దగ్గర డబ్లిన్‌లో ఉంటున్నాను. ఐర్లండు డబ్లిన్ కాదు, కాలిఫోర్నియాలో 580, 680 హైవేలు కలిసేచోట ఉన్న డబ్లిన్. 1982లో ఊరుగా నమోదైంది. 2010లో 46 వేలున్న జనాభా పదేళ్లు తిరిగేసరికి 72 వేలు దాటింది. అందులో సగానికి పైగా ఆసియా మూలాలవాళ్లే. సాయంత్రం ఎమరాల్డ్ గ్లెన్ పార్కు చుట్టూ ఒక తిరుగుడు తిరిగితే గుంటూరు యాస, కరీంనగర్ యాస, విశాఖ యాస అన్నీ చెవిన పడతాయి. కుంటుతూ నడిచే కుర్రాళ్లూ కనపడతారు. నలభై నిండని పిల్లలు. ఎకరం పొలం లేదు, ఇల్లు కూడా ఇంకా బ్యాంకువాడిదే. అయినా జబ్బు మాత్రం జమీందారుది. 'ఏం బాబూ, కాలికేమైంది' అంటే 'గౌట్ అంకుల్' అని, అదేదో డిగ్రీ వచ్చినట్టు చెబుతారు.

రాక ఏం చేస్తుంది? మా చిన్నప్పుడు యాట కోస్తే పది ఇళ్లవాళ్లు వాటాలు వేసుకునేవాళ్లం. అదీ పండక్కో, కొత్త అల్లుడొస్తేనో. ఇక్కడ శనివారం ఒకరి పిల్లాడి పుట్టినరోజు, ఆదివారం ఇంకొకరి గృహప్రవేశం. అల్యూమినియం ట్రేల్లో మటన్ బిర్యానీ, రొయ్యల వేపుడు, పక్కన పాయా. పెరట్లో గ్రిల్లు పొగ, చేతుల్లో బీరు. మార్చి వస్తే సెయింట్ పాట్రిక్స్ పండగని ఊరు ఊరంతా ఆకుపచ్చ చొక్కాలు వేసుకుంటుంది, ఆ వంకన ఇంకో రెండు బీర్లు. తాగనివాడు తియ్యటి సోడా తాగుతాడు. ఆ తీపిలో ఉండే ఫ్రక్టోజు కూడా ఒంట్లో యూరిక్ యాసిడ్‌ను పెంచేదే. పొద్దున్నే ఆరోగ్యానికని గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల తేనె కలుపుకొనే మహానుభావులకు ఆ తేనెలోనూ ఉన్నది అదేనని ఎవరు చెప్పాలి?

తప్పంతా తిండి మీదికి నెట్టడమూ న్యాయం కాదులెండి. యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపాల్సింది మూత్రపిండాలు. చాలామందిలో ఆ పంపడమే తక్కువ, అది వంశంలో వచ్చే గుణం. బీపీకి ఇచ్చే, ఒంట్లో నీరు తీసే కొన్ని మాత్రలు కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. రక్తంలో డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది కరగలేక సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుంది. ఒంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది కాలి కొస కాబట్టి ముందు దెబ్బ బొటనవేలికే. ఇక్కడి వేసవి కూడా ఒక కారణమే. జులైలో మా డబ్లిన్ లోయలో నిప్పులు చెరుగుతుంది, గాలిలో తేమ ఉండదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు గౌటు తిరగబెడుతుంది. నీళ్లు తాగండ్రా అంటే కాఫీ తాగుతారు. సరే, గౌటు విషయంలో కాఫీ మంచిదేనంటున్నారు, దాన్ని వదిలేస్తాను.

నా గొడవ జబ్బుతో కాదు, వైద్యంతో. మా నాయనమ్మ రోజుల్లో కాలు వాస్తే వావిలాకు తెచ్చి, బానెడు నీళ్లలో కాచి, ఆ నీళ్లు పోసేవాళ్లు. జిల్లేడాకుకు ఆముదం రాసి, నిప్పు మీద వెచ్చజేసి కట్టేవాళ్లు. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టేవాళ్లు. రాత్రికి శొంఠి కషాయం. ఆచారిగారొచ్చి నాడి చూసి, 'వాతరక్తం' అని తేల్చి, తిప్పతీగ కషాయం చెప్పేవాడు. ఆ పేరు ఆయన కల్పించింది కాదు. చరకసంహితలో వాతరక్తానికి విడిగా ఒక అధ్యాయమే ఉంది, తిప్పతీగకు అందులో పెద్దపీట. మంట తగ్గడానికి పిండతైలం రాసేవాడు. వీటన్నిటితో నొప్పి తగ్గేదా అంటే, తగ్గేది. ఏం చేయకపోయినా వారం పదిరోజుల్లో దానంతటది తగ్గే నొప్పి అది. పేరు మాత్రం వావిలాకుకు వచ్చేది.

మాకు వేరే దారి లేక అది చేశాం. ఆసుపత్రి గుంటూరులో ఉండేది, రక్తపరీక్ష అన్నమాటే తెలియదు. వేలికి ఆకు కట్టి, దేవుడికి దండం పెట్టుకునేవాళ్లం. మరి వీళ్లకేమైంది? ఇంటికి కారులో ఐదు నిమిషాల దూరంలో ల్యాబు ఉంది, ఇన్సూరెన్సు ఉంది, మందుల దుకాణం రాత్రి కూడా తెరిచి ఉంటుంది. ఇన్ని పెట్టుకొని మా నాయనమ్మ వైద్యాన్ని సీసాలో పోయించి, డాలర్లు పోసి ఇంటికి తెప్పించుకుంటున్నారు. పసుపు క్యాప్సూలు, సెలరీ గింజల క్యాప్సూలు, గిలోయ్ మాత్ర, యాపిల్ సైడర్ వెనిగర్ గమ్మీలు. గిలోయ్ అంటే ఏమిటో అనుకున్నాను, మా దొడ్డి కంచె మీద పాకిన తిప్పతీగే. మాకు మందు లేక ఆకు కట్టుకున్నాం. వీళ్లు చేతిలో మందు పెట్టుకొని ఆకు కొనుక్కుంటున్నారు.

ఆ ఆకులన్నీ అమాయకమైనవనీ అనుకోవద్దు. కరోనా కాలంలో తిప్పతీగ విపరీతంగా వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదం అలాగే ఉంది. ఇంకో సంగతి ఇక్కడిదే. 'ఆర్ట్రి కింగ్' అని కీళ్లనొప్పుల మాత్రలు మూలికల పేరుతో అమ్మారు. వాటిలో డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడు రహస్యంగా కలిపి ఉన్నాయని అమెరికా మందుల శాఖ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. మా సంతలో చాప పరిచి నల్లమాత్రలు అమ్మేవాడు ఒకడుండేవాడు. మూడోరోజుకు ముసలాళ్లు లేచి నడిచేవాళ్లు, ఏడాదికి ముఖాలు ఉబ్బేవి. వాడి మనవడెవడో అమెరికా వచ్చి స్థిరపడ్డాడనుకుంటాను.

కాపడం మాట కూడా చెప్పాలి. పెద్దవాళ్ల మీద ఎంత గౌరవమున్నా, ఎర్రగా కాలిపోతున్న కీలుకు వేడి పెట్టడం బుద్ధి తక్కువ పని. దానికి కావలసింది చల్లదనం. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి తీయాలి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచి పడుకోవాలి. అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో కూడా దాడి వచ్చినప్పుడు మందుతోపాటు ఐసు పెట్టమన్నారు. పైసా ఖర్చు లేని ఈ పని మాత్రం మన కుర్రాళ్లకు నచ్చదు. మా రోజుల్లో కాలు వాచినవాడు మంచం దిగేవాడు కాదు, ఇంట్లో నలుగురు చేసేవాళ్లుండేవాళ్లు. ఇక్కడి కుర్రాడు చెప్పు కోసి, వేలు బయటికి పెట్టుకొని డబ్లిన్ బార్ట్ రైలు స్టేషను మెట్లెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసుకు పోతాడు. సెలవు పెట్టరా అంటే 'ఆఫీసులో స్ప్రింట్ ఉంది అంకుల్' అంటాడు. కుంటుతూ స్ప్రింటేమిటో.

పథ్యం విషయంలో వీళ్ల తెలివి ఇంకా ముచ్చటగా ఉంటుంది. గౌటు అనగానే పప్పు మానేస్తారు, పాలకూర మానేస్తారు, టమాటా పులుసు కూడా మానేస్తారు. పార్టీలో బిర్యానీ మాత్రం మానరు. బోస్టన్ వైద్యులు 47 వేల మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ఒక లెక్క తేల్చారు. మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లకు గౌటు ఎక్కువ వచ్చింది. పప్పులు, ఆకుకూరలు తిన్నవాళ్లకు పెరగలేదు. పాలు, పెరుగు వాడినవాళ్లకు తగ్గింది. మద్యంలోనైతే బీరే అన్నిటికంటే చెడ్డదని అదే బృందం తేల్చింది. అంటే మేం తిని బతికిన పప్పన్నం, పాలకూర, మజ్జిగే సరైన తిండని తేలింది కదా! ఈ ఒక్క విషయంలో మా రోజులు గెలిచాయి, గుర్తుపెట్టుకోండి. లంఖణం మాత్రం ఓడిపోయింది. పరమౌషధమన్నారు గానీ, కడుపు మాడ్చుకుంటే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, గౌటు రేగుతుంది. కార్బులు బొత్తిగా మాని కొవ్వు మీదే బతికే డైట్ల మొదట్లోనూ అదే జరుగుతుంది.

చెర్రీల సంగతి అడుగుతారని తెలుసు. మే నెల వచ్చిందంటే ఇక్కడి తెలుగువాళ్లంతా లివర్‌మోర్ గుడికి వెళ్లి, అటునుంచటే వాస్కో రోడ్డు పట్టుకొని బ్రెంట్‌వుడ్ తోటల్లో చెర్రీలు కోసుకుంటారు. టెక్సాస్‌లో లుడ్విగ్ బ్లావు అనే ఆయన రోజూ చెర్రీలు తిని తన గౌటు తగ్గిందని 1950లో రాశాడు, అక్కడినుంచీ ఈ నమ్మకం. 2012లో బోస్టన్‌వాళ్లు 633 మంది గౌటు రోగులను అడిగి చూస్తే, చెర్రీలు తిన్న రెండు రోజుల్లో దాడి వచ్చే అవకాశం 35 శాతం తక్కువగా కనిపించింది. చెర్రీలే తగ్గించాయని అది రుజువు చేయలేదు, అయినా తినండి, పండే కదా. సీసాలో ఉన్న చెర్రీ సారానికి ముప్ఫై డాలర్లు పోస్తేనే నాకు మండుతుంది.

ఇక అసలు మందులు. దాడి వచ్చినప్పుడు ఇచ్చే కొల్చిసిన్ అన్నది పాతకాలపుదే, చెట్టుమందే. మన వైపు కంచెల మీద నిప్పులా పూసే అడవినాభి ఉంది చూడండి, తమిళనాడువాళ్లు రాష్ట్రపుష్పంగా పెట్టుకున్నది, దాంట్లోనూ ఉన్నది ఈ కొల్చిసినే. దుంప కొరికితే ప్రాణం పోతుంది. అందుకే మా అమ్మ దాని దగ్గరికి పోనిచ్చేది కాదు, మీరూ చెట్టు వైద్యం చేసుకోకండి. అమెరికాలో కొల్చిసిన్ మాత్ర ఎన్నో ఏళ్లు తొమ్మిది సెంట్లకు దొరికేది. 2009లో ఒక కంపెనీకి ఎఫ్‌డీఏ అనుమతిచ్చి ఆ ఒక్కరికే హక్కు కట్టబెట్టగానే మాత్ర దాదాపు అయిదు డాలర్లయింది. మందు అదే, వేలు అదే. మా సంతలో నల్లమాత్రలవాడు కూడా సిగ్గుపడే బేరం. ఇప్పుడు జెనెరిక్ వచ్చి కొంత దిగింది. మేలు జరిగింది ఒక్కటే. వెనకటికి విరేచనాలు పట్టేదాకా గంటగంటకూ మింగించేవాళ్లు. ఇప్పుడు మొదట 1.2 మిల్లీగ్రాములు, గంట తర్వాత 0.6, అంతే. పెద్ద మోతాదంత పనీ చేస్తుంది, కడుపు పాడుకాదు. అదీ డాక్టరు చెబితేనే. మూత్రపిండాలు సరిగా లేనివాళ్లకు ఇదీ ప్రమాదమే, ఐబుప్రొఫెన్ అంతకంటే ప్రమాదం. జ్వరంతో కీలు వాచిందా, అది గౌటు కాక చీము కూడా అయి ఉండొచ్చు, ఆకుల కోసం వెతక్కుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇవన్నీ ఆ పూట నొప్పికే. యూరిక్ యాసిడ్‌ను తగ్గించి, పేరుకున్న స్ఫటికాలను కరిగించేది అల్లోప్యూరినాల్. మన దేశంలో జైలోరిక్ అంటే చాలామందికి తెలుస్తుంది. 1966లో అమెరికాలో అనుమతి పొందింది. దాన్ని కనిపెట్టినవాళ్లలో గర్‌ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడకు పీహెచ్‌డీ కూడా లేదు, 1988లో నోబెల్ ఇచ్చారు. మాత్ర చవక. వంద మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రక్తం చూసుకుంటూ 6 లోపుకు దిగేదాకా పెంచాలి. ఒంటి మీద దద్దురు కనిపిస్తే ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి. మొదటి నెలల్లో కరిగే స్ఫటికాలు ఒకసారి రేగి నొప్పి రావొచ్చు కాబట్టి, కొంతకాలం కొల్చిసిన్ కూడా చిన్న మోతాదులో ఇస్తారు. సరిగ్గా అక్కడే మనవాళ్లు 'ఇది నాకు పడలేదంకుల్' అని మానేస్తారు. పడినవాళ్లు నొప్పి తగ్గగానే మానేస్తారు. వాన కురిసినప్పుడు కారేచోట గిన్నెలు పెట్టి, ఎండొచ్చాక కప్పు సంగతి మరిచిపోయే ఇంటాయన తంతు ఇది. 'జీవితాంతం మందు మింగాలా' అని నన్నడుగుతారు. జీవితాంతం పసుపు క్యాప్సూలు మింగడానికి మాత్రం అభ్యంతరం లేదు!

మా నాన్నకు ఆ మాత్ర దొరికి ఉంటే చివరి పదేళ్లు చేతికర్ర లేకుండా నడిచేవాడు. చెవి అంచున, మోచేతి మీద సుద్దగడ్డలు కట్టాయి. అవి గౌటు ముదిరితే వచ్చేవని ఆ రోజుల్లో చెప్పేవాళ్లు లేరు. ఆయన మందును కాదనలేదు, ఆయనకు మందే అందలేదు. ఇక్కడ చేతికి అందినదాన్ని మూలిక కాదని వద్దనుకుంటున్న కుర్రాళ్లను చూస్తే నాకు కోపం రాదా చెప్పండి.

కాబట్టి ఈసారి పార్టీలో ఎవడైనా ఒంటికాలి మీద నిలబడి ప్లేటు పట్టుకుంటే, దయచేసి నాలుగు ఆకుల పేర్లు చెప్పకండి. 'నీ యూరిక్ యాసిడ్ ఎంత రా బాబూ' అని అడగండి. ఆరు దాటి ఉన్నా, తెలియదన్నా, చేతిలో బీరు తీసుకొని మజ్జిగ పెట్టి, సోమవారం డాక్టరు దగ్గరికి పంపండి.