ర్యాంపు మీద వెట్టి

2025 మే 12న ప్రపంచ సుందరి పోటీదారులు నాగార్జునసాగర్ బుద్ధవనం చూసి వెళ్లారు. ఆ గాలి మిర్యాలగూడకు, సూర్యాపేటకు, కోదాడకూ సోకినట్టుంది. చీరల దుకాణం తెరిస్తే చాలు, ఫంక్షన్ హాల్లో ర్యాంపు పడాల్సిందే!

లైట్లకు కిరాయి, డీజేకి అడ్వాన్సు, యాంకరమ్మకు కవరు. మరి నడిచే పిల్లకు? "పేరొస్తది కదమ్మా!"

తెర వెనక చూడాలి అసలు సింగారం. గ్రీన్‌రూమంటే వంటశాల పక్క స్టోరు, పదిమందికి ఒక్క అద్దం. జాకెట్టు వదులైతే వీపున పిన్నీసులు, బిగుతైతే ఊపిరి బిగబట్టుడే. ధర చీటీ కుచ్చిళ్లలో దాచాలి, దిగగానే చీర మడతపెట్టి అప్పజెప్పాలి. మరక పడిందా, బిల్లు మోడల్‌దే. ముఖ్య అతిథి మూడు గంటలు ఆలస్యం, ప్రసంగం ఇంకో గంట. చివరికి దక్కేది చల్లారిన బిర్యానీ పొట్లం, ఒక షీల్డు. (దానిమీదా స్పాన్సరు పేరే పెద్దది.)

మిర్యాలగూడ రైస్‌మిల్లులో హమాలీకి బస్తాకింత అని లెక్కుంది. బస్తాడు బరువు లెహంగా మోసిన పిల్లకు ఏ లెక్కా లేదు. పోనీ, బస్సు ఛార్జీ అయినా ఇవ్వండంటే నిర్వాహకుడు నోరు వెళ్లబెట్టాడు:

"అదేందమ్మా, 2023 డిసెంబరు 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీయే కదా!"