సెక్షన్ గడి

జూన్ 12న బళ్లు తెరుస్తారు. మా చిన్నదాని కడుపునొప్పి మాత్రం 5నే తెరుచుకుంది. పొద్దున్నే ఏడున్నరకి మొదలై, తొమ్మిదికల్లా టంచనుగా తగ్గిపోతుంది. ఇంత సమయపాలన మా ఆఫీసులో ఎవరికీ లేదు.

మా అమ్మ వాము నమిలించింది. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి గ్యాస్ పొయ్యి మీద వేసింది. ఇల్లంతా దగ్గింది, చిన్నది తప్ప. మృగశిర కార్తెకి నాంపల్లిలో ఉబ్బసానికి చేపమందు వేస్తారు. బడి భయానికీ ఓ కొర్రమీను పిల్ల దొరికితే, లైన్లో ముందు నిలబడేది నేనే.

దాని బాధ దానిది, నా బాధ అట్టలు. 18 నోటు పుస్తకాలు, 11 పాఠ్యపుస్తకాలు. మూడో తరగతికి! బ్రౌన్ పేపర్ కూడా బళ్లోనే కొనాలట, బయటది అయితే రంగు తేడా వస్తుందట. బ్రౌన్‌కీ బ్రౌన్‌కీ తేడా పట్టగల ఆ కళ్లు, ఫీజు రసీదులో తప్పు మాత్రం పట్టలేవు. మా రోజుల్లో పాత క్యాలెండరే అట్ట. లెక్కల పుస్తకానికి వేంకటేశ్వరస్వామిని వేసేవాణ్ణి. తప్పితే ఆ పూచీ ఆయనది. ఇప్పుడు మూలలు మడవాలి, పిన్ను లోపలికి కొట్టాలి, పైన మళ్లీ ప్లాస్టిక్ తొడగాలి. పదో పుస్తకానికి నడుం పట్టేసింది. పదిహేనోదానికి పిన్ను నా వేలికి పడింది. ఇరవయ్యోది తలకిందులుగా వేశాను.

లేబుళ్లు రాసే పని చిన్నదానికి ఇచ్చాను. పేరు రాసింది, క్లాసు రాసింది. ఒక్కదాని మీదా సెక్షన్ రాయలేదు.

"గడి ఖాళీగా వదిలేశావేంటే? అన్నీ నింపమన్నానా?" అని కసిరాను.

"ఈసారి సెక్షన్లు మారుస్తారంట నాన్నా. లల్లీ, నేనూ ఒకే దాంట్లో పడతామో లేదో."

వేలికి చుట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ కూర్చున్నాను. మా నాన్న బదిలీలతో నేను నాలుగు బళ్లు మారాను. మారిన ప్రతిసారీ "కొత్త స్నేహితులు వస్తార్లే" అనేవారాయన. వచ్చారు, నిజమే. పాతవాళ్ల ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు అదే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"పెన్సిల్‌తో రాయమ్మా. మారితే చెరుపుకుందాం."

29 లేబుళ్ల మీదా సన్నగా 'ఎ' అని రాసుకుంది.

మర్నాడూ కడుపునొప్పి వచ్చింది. కాకపోతే ఎనిమిదింటికి.