కొత్తిమీరతో వచ్చే కొసరు

హైదరాబాదులో వాడిన ఏ నీటి చుక్కా వృథా పోదు. పొద్దున్నే మన స్నానాల గదుల్లోంచి బయల్దేరి, నాలాలో దిగి, మూసీలో కలిసి, పీర్జాదిగూడ, కాచవానిసింగారం వైపు సాగి, కాలువల్లోకి మళ్లి, పాలకూర, కొత్తిమీర, పుదీనా మళ్లకు పారి, నెలా నలభై రోజుల్లో కట్టలు కట్టించుకుని మన వంటింటికే తిరిగొచ్చేస్తుంది. నీటి పునర్వినియోగం నేర్చుకోవడానికి విదేశాలు తిరిగే పెద్దలు ఒక్కసారి మన పెరుగు పచ్చడిలోకి తొంగిచూస్తే విమానం ఛార్జీలు మిగిలేవి.

ఈ ప్రయాణంలో వెంట వచ్చేది ఈ.కోలై. మనుషుల, పశువుల పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా. అది ఆకు మీద కనిపించిందంటే ఆ ఆకు ఎక్కడో ఒకచోట పెంటను పలకరించిందని అర్థం. (ఫలహారం వేళ పత్రిక చదివేవాళ్లుంటారు కనుక ఇంతకంటే వివరించను.) వీటిలో చాలా రకాలు సాధువులే. గొడవంతా మిగిలిన కొన్నిటితోనూ, అప్పుడప్పుడు కూడా వచ్చే సాల్మొనెల్లా లాంటి చుట్టాలతోనూ. పచ్చిగా తినే పంటలకు పారించే నీళ్లలో వంద మిల్లీలీటర్లకు మల కోలిఫారాలు 1000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో గీత గీసింది. ఆ వెయ్యి మన మూసీకి చిల్లర.

చేలో తక్కువ పడితే బజారులో సర్దుతారు.

"తాజాదేనా అక్కా?"

"గిప్పుడే నీళ్లు కొట్టిన బిడ్డా, సూడు ఎట్ల మెరుస్తుందో."

తడిగా ఉంటే తాజా. ఇంతకు మించిన ప్రమాణం మనకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఆ బకెట్ నీళ్లు తెల్లారుజామున పట్టినవి. అప్పట్నుంచీ అందులోనే కట్టలన్నీ మునుగుతున్నాయి, లేస్తున్నాయి, తడి గోనె కింద పడుకుంటున్నాయి. ఒక్క కట్టకు అంటిన సరుకు మధ్యాహ్నానికల్లా అన్నిటికీ అందుతుంది. దళారి లేకుండా, పైరవీ లేకుండా ప్రతి లబ్ధిదారుకూ చేరే పథకం రాష్ట్రంలో ఇదొక్కటే.

మరి ఎవరిని అడగాలి? 2006 నాటి ఆహార భద్రతా చట్టం 18వ సెక్షన్ రైతునూ పంటనూ వదిలేసింది. సబబే, ఆ మురుగు రైతు వదిలింది కాదు కదా! వదిలిన ఊరిని అడగాలంటే, ఊరంటే మనమే. అందుకని పానీపూరీ బండివాణ్ణి పట్టుకుంటాం. 2022 వానాకాలంలో తెలంగాణ ఆరోగ్య శాఖ పెద్ద ఒకరు టైఫాయిడ్‌కు పానీపూరీ వ్యాధి అని నామకరణం కూడా చేశారు. టైఫాయిడ్ క్రిమికి మనిషి తప్ప వేరే ఇల్లు లేదు. బండి దాకా వచ్చిందంటే అది ఎవరో ఒకరి కడుపులోంచి బయల్దేరి వచ్చిందే. బండివాడి చేతికి తొడుగు వేయించాం సరే, ఆ పుదీనా ఏ నీళ్లు తాగి పెరిగిందో?

నిందలు వేయడంలో జర్మనీ వాళ్లూ తక్కువ తినలేదు. 2011లో అక్కడ ఈ.కోలై యాభై మందికి పైగా ప్రాణాలు తీస్తే, ముందు స్పెయిన్ దోసకాయల మీద పడ్డారు. చివరికి తేలింది మెంతి మొలకలని, ఆ మెంతులు ఈజిప్టువని. ఎంతయినా, తప్పుడు నింద వెనక్కి తీసుకోవడానికి అక్కడొక ప్రయోగశాల పనిచేసింది.

మన వంటింట్లో గోంగూర, తోటకూర కుతకుత ఉడుకుతాయి, వాటితో పేచీ లేదు. రాచమర్యాదంతా కొత్తిమీరకే. పొయ్యి కట్టేశాక గానీ అమ్మవారు వేంచేయరు. మరిగిన చారులో పడితే కొంత నయం. పెరుగు పచ్చడిలో, మజ్జిగలో, బిర్యానీ పక్కన రైతాలో పడినప్పుడు మాత్రం పొయ్యి సెగ ఎలా ఉంటుందో ఆ క్రిములకు తెలియనే తెలియదు. కుళాయి ధార కింద కడిగితే చాలావరకు పోతాయి గానీ ఆకు మడతల్లో, కాడ తెగిన చోట నక్కినవి కదలవు. పసుపు, ఉప్పు వేసి నానబెట్టేవాళ్లున్నారు. పాపం, ప్రయాణ బడలిక మీదున్న క్రిములకు నలుగు పెట్టినట్టుంటుంది.

కట్టలు పరీక్షించవచ్చుగా అంటారు. నమూనా తీసి, బ్యాక్టీరియాను పెంచి చూసేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కొత్తిమీర అంతసేపు ఆగదు. పగలు అమ్ముడవుతుంది, రాత్రికి పచ్చడవుతుంది. అందుకే కాబోలు, పరీక్షల బాధ్యత జనానికే వదిలేశారు. ఫలితాలు కూడా ఇంచుమించు అదే గడువులో వస్తున్నాయి, చాలామందికి తెల్లవారుజామునే.